అయస్కాంతం అంటని సైకిలు

నవంబరు 2, ఆదివారం

జనవరిలో యూనియన్ వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. బీరువా మీద అట్టపెట్టెలో, కళ మందుల చీటీల కింద దొరికింది. అక్టోబరు దాకా అన్నీ ఖాళీ పేజీలే. ఆ నెలల గురించి రాసేదేం లేదు. ఆపరేషను, కీమో, రేడియేషను. అంతే.

ఇవాళ కళ సైకిలు కావాలంది.

పొద్దున్నే బాల్కనీలో కూర్చుని తలకి కొబ్బరినూనె రాసుకుంటోంది. రాసుకునేంత జుట్టు ఇంకా రాలేదు, అయినా రాసుకుంటుంది. "ఏవండీ, డాక్టరుగారు నడవమన్నారు కదా. సైకిలైనా తొక్కొచ్చన్నారు. నాకో సైకిలు కొనండి," అంది. ముందు బుట్ట ఉండే ఆడపిల్లల సైకిలు అనుకున్నాను. కాదట. లావు టైర్లది, రాళ్ళ మీదా ఇసుక మీదా పోయేది. కొండ సైకిలు! చిన్నప్పుడు పాలకొల్లు కాలవ గట్టు మీద వాళ్ళన్నయ్య సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కేది. ఆ మనిషి ఇప్పుడు మట్టిదారిన అప్పికొండ బీచికి వెళ్తుందట.

"ఎందుకే?" అన్నాను.

"ఊరికే. సరదాకి."

"డిసెంబరులో స్కాన్ ఉందిగా. రిపోర్టు రానీ, చూద్దాం," అన్నాను. న్యాయమైన మాటే. ఆమె సీసా మూత బిగించి లోపలికి వెళ్ళిపోయింది.

నవంబరు 4

సైకిలు ఊసు మళ్ళీ ఎత్తలేదు. మంచిదే.

నవంబరు 5

ఎత్తలేదు.

నవంబరు 7

ఎల్లాజీకి చెప్పాను. వైర్ రాడ్ మిల్లులో నాతో పాటు తనిఖీ పనిలో ఉన్నాడు, గంగవరం వైపు మనిషి. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. చేరిన రోజునుంచీ నన్ను బావా అంటాడు, కళని చెల్లెమ్మ అంటాడు.

"సైకిలు అడిగితే పంచాంగం సూత్తన్నావేటి బావా? అదేటి, లారీయా? కొనిచ్చీ. నాను సెప్తన్నాను ఇను. ఆడమనిసి నోరిడిసి ఒకపాలి అడుగుద్ది. రెండోపాలి అడగదు."

"కొనడం ఎంతసేపు ఎల్లాజీ? ఎంచడం ముఖ్యం," అన్నాను.

"ఎంచు మరి. కూకుంటే అదే నడిసొచ్చేత్తదా?"

వీడికి ఏదీ వివరంగా చెప్పి ప్రయోజనం లేదు.

నవంబరు 9, ఆదివారం

కళని తీసుకుని డాబాగార్డెన్స్‌లో సైకిళ్ళ షాపుకి వెళ్ళాను. ఊరికే చూసి వద్దామని.

నా జేబులో ఎప్పుడూ ఓ అయస్కాంతం ఉంటుంది, చెడిపోయిన స్పీకరులోంచి ఊడదీసింది. స్టీల్ ప్లాంటులో ఇన్నేళ్ళు చేసినవాడికి ఇదో జబ్బు. మంచం కొన్నా, గొళ్ళెం కొన్నా అంటించి చూస్తాను. అంటుకుంటే ఇనుము, నమ్మొచ్చు. "పెళ్ళిచూపులక్కూడా తెచ్చే ఉంటారు, నేనే చూసుకోలేదు," అంటుంది కళ.

షాపాయన ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని వరసగా చూపించాడు. ఓ నీలం సైకిలు దగ్గర కళ ఆగిపోయింది. ఎక్కి కూర్చుంది. మునివేళ్ళు హాయిగా నేలకి ఆనాయి. గంట కొట్టింది. మళ్ళీ కొట్టింది. "ఇది బావుందండీ."

నేను అయస్కాంతం పెట్టాను. సర్రున జారి నా చెప్పు మీద పడింది.

"అల్లాయ్ అండి, అల్యూమినియం. తేలిక. స్టీలు సైకిళ్ళు ఇప్పుడు ఎవడు కొంటున్నాడు సార్!" అన్నాడు షాపాయన. స్టీల్ ప్లాంటున్న ఈ ఊళ్ళో కూర్చుని, ఈ మాట, నాతో! అల్యూమినియం అన్నం వండుకునే గిన్నెలకి పనికొస్తుంది, మా ఆవిణ్ణి కూర్చోబెట్టడానికి కాదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఒక్క పని మాత్రం శ్రద్ధగా చేశాను. ప్రతి సైకిలు ఎడమ బ్రేకూ రెండు వేళ్ళతో నొక్కి చూశాను. ఆపరేషన్‌లో కళకి ఎడమ చంకలో గడ్డలు తీసేశారు. ఆ చేతికి పట్టు తగ్గింది. దాంతో బరువెత్తకూడదు, ఆ చేతికి సూది వెయ్యకూడదు, బీపీ పట్టీ కూడా కట్టకూడదు. రెండు వేళ్ళకే లొంగే బ్రేకు కావాలి. నేనెందుకలా నొక్కుతున్నానో షాపాయనకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు.

చూసి చెప్తామని వచ్చేశాం.

నవంబరు 12

గాజువాకలో రెండు షాపులు చూశాను, ఒక్కణ్ణే. ఒకచోట చట్రం ఎత్తు, కళ కాళ్ళు అందవు. ఇంకోచోట ముందూ వెనకా స్ప్రింగులు. చూడ్డానికి జోరుగా ఉంది గానీ ఈ ధరలో వెనక స్ప్రింగు ఉత్త బరువు. తొక్కిన తొక్కుడంతా అదే మింగేస్తుంది. ముందు ఒక్కటుంటే చాలు. ఇరవయ్యొక్క గేర్లున్నదాన్ని కొత్తగా తొక్కే మనిషికిస్తే బుర్ర తిరిగిపోతుంది. ఏడు గేర్లుంటే చాలు. డిస్కు బ్రేకులున్నదాన్ని తొక్కి చూశాను, పిల్లికూతలు కూసింది. ఒకదాని టైర్లు సన్నం, ఒకదాని రంగు బాలేదు.

అమ్మాయి ధనశ్రీ విజయవాడ నుంచి ఫోన్లో లింకులు పంపుతోంది. ప్రతిదానికీ ఓ లోపం కనిపెట్టి తిరుగుటపా పంపుతున్నాను. తనిఖీ అంటే ఇదీ.

నవంబరు 13

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

సాయంత్రం కళ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను ఏడు గేర్ల గురించి చెబుతున్నాను. తలెత్తకుండా అంది: "మీరు లోపాలు వెతుకుతున్నారా, వాయిదాలు వెతుకుతున్నారా?"

"అదేంటే, నీ మంచికేగా..."

"రిపోర్టు బాగుంటే కొంటారు. సరే. బాగాలేకపోతే కొనరు. అంతేనా అండీ? ఉండే మనిషికైతే సైకిలు, లేకపోయే మనిషికి దండగ. అంతేగా మీ లెక్క?"

కోపంగా అనలేదు. చిక్కుడుకాయ విరిచినంత మామూలుగా అంది. నేను లేచి ఎందుకో ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డాను. "చల్లగాలి పోతోంది, వెయ్యండి," అంది.

నాకు భయం. ఈ మాట ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను? సైకిలు కొంటాను. ఆ తర్వాత కానిదేదైనా అయితే, అది బాల్కనీలో అలా నిలబడి ఉంటుంది, గంటతో సహా. దాన్ని నేను చూడలేను. అందుకే కొనలేదు. బ్రేకులూ లేదు, గేర్లూ లేదు.

నవంబరు 16, ఆదివారం

కొన్నాం.

స్టీలు సైకిలే. నల్లది, మీద ఎర్రచార. కళ నీలం దాని వైపే చూసింది గానీ, నేను తగ్గలేదు. కొనడం అంటూ కొంటే గట్టిది కొనాలి. గుంతలో పడినా వంగకూడదు. చట్రం చిన్నది, ఆమె ఎత్తుకి సరిపోయింది. ముందు మాత్రమే స్ప్రింగు. ఎడమ బ్రేకు రెండు వేళ్ళకి లొంగింది. అయస్కాంతం టక్కున కరుచుకుని, లాగితే గానీ రాలేదు. "మీ ఇద్దరికీ జోడీ కుదిరింది, నేనెందుకు మధ్యలో," అంది కళ. అయినా నవ్వుతూనే అంది.

ఆటోలో వేసుకుని సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళాం. కొత్త బళ్ళన్నీ అక్కడికే కదా. ముందు తెల్ల కారు, వెనక నల్ల కారు, మధ్యలో మా సైకిలు. పూజారి ఏమీ తేడా చెయ్యలేదు. పేరూ గోత్రమూ అడిగి, హ్యాండిలుకి దండ వేసి, కుంకం పెట్టి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. "ఎక్కి తొక్కండమ్మా," అన్నాడు. కళ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఎక్కింది. వెనక నల్ల కారాయన హారన్ కొట్టబోయి ఆగాడు. ముందుదీ వెనకదీ రెండు నిమ్మకాయలూ పచ్చడయ్యాయి. అందరూ చూస్తుండగా ఆవిడ గంట కొట్టింది.

నేనేం మొక్కుకున్నానో రాయను.

నవంబరు 17

కింద ఉంచితే నల్లదుమ్ము, ఉప్పుగాలి, ఆపైన దొంగలు. అందుకని క్వార్టరుకి మోసుకొచ్చాను. రెండో అంతస్తు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. స్టీలంటే ఆ మాత్రం ఉంటుంది.

"రోజూ ఎలాగండీ?" అంది కళ.

"నేను లేనూ?" అన్నాను.

నవంబరు 20

జనరల్ షిఫ్టు. సాయంత్రం మా క్వార్టర్ల ముందు సెక్టారు రోడ్డు మీద తొక్కింది. ముందు కాసేపు వంకర్లు పోయింది. నేను సీటు పట్టుకుని వెనకే పరుగెత్తాను. చెట్ల దగ్గర నా చెయ్యి వదిలేసింది. అంటే నేను వదల్లేదు, ఆవిడే ముందుకెళ్ళిపోయింది. స్కార్ఫు జారి మెడమీద పడింది. ఇన్ని నెలల్లో బయట ఎప్పుడూ తల కప్పకుండా లేదు. సర్దుకోలేదు. మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చి, "కాలవ గట్టు మీద ఇంత లావు టైర్లుంటే నరసాపురం దాకా పోయేదాన్నండీ, ఆయ్!" అంది. పుట్టింటి ఆయ్ చాలాకాలానికి విన్నాను.

ఇంటికొచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగింది. అన్నం మళ్ళీ అడిగి పెట్టించుకుంది.

నవంబరు 24

ఎ షిఫ్టు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నం వచ్చాను. ఎండ. సైకిలు కదల్లేదు.

నవంబరు 25

ఎ షిఫ్టు. సైకిలు కదల్లేదు.

నవంబరు 26

కదల్లేదు. సాయంత్రం దింపుతానన్నాను. "అలిసిపోయారు, పడుకోండి," అంది. పడుకున్నాను.

నవంబరు 27

డ్యూటీ నుంచి వచ్చేసరికి కళ మంచం మీద ఉంది. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉంది. మోచేతి దాకా వాచింది. గాజు బిగుసుకుంటే సబ్బు రాసి తీసేసిందట.

ఎదురింట్లో చేపలు అమ్ముతున్న గంగాలమ్మ నన్ను చూసి గుమ్మంలోకి వచ్చింది. వారానికి రెండుసార్లు గంపతో మా బ్లాకులన్నీ తిరుగుతుంది. సంగతంతా ఆవిడే చెప్పింది.

"అమ్మ పొద్దుట ఆ సైకిలొట్టుకుని మెట్ల మీద కూకుండిపోనాది బాబూ. పైకి తేలేదు, కిందకి దింపలేదు. నాను గంప పక్కనెట్టి అట్టుకున్నాను. అమ్మో, ఏటా బరువు! తడిసిన వలైనా అంతుండదు. ఇంత బరువు సైకిలు ఈ పేనానికి ఎవులు కొన్నారు బాబూ?"

ఎవరు కొన్నారో నేను చెప్పలేదు. కళ కూడా చెప్పలేదు.

ఆవిడ వెళ్ళాక అరిచాను. డాక్టరు చెప్పింది మర్చిపోయావా అని, నేనొచ్చేదాకా ఆగలేవా అని. కళ విని, విని, చివరికి మెల్లగా అంది.

"ఏడాదినుంచీ మీరు లేపితే లేచాను. మీరు తినిపిస్తే తిన్నాను. మీరు పట్టుకుంటే బాత్రూముకెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళి ఒక్కదాన్నే రావాలని అడిగానండీ సైకిలు. మీరింటికొస్తే గానీ కిందకి దిగని సైకిలు నాకెందుకు?"

బ్రేకు సంగతి ఆలోచించాను. చట్రం ఎత్తు ఆలోచించాను. నేను లేని పూట గురించి ఆలోచించలేదు. స్టీలు అయితే చాలనుకున్నాను.

నవంబరు 28

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చేతికి బిగువు తొడుగు ఇచ్చారు, చెయ్యి ఎత్తుగా ఉంచమన్నారు. తగ్గుతుందన్నారు. సైకిలు మానెయ్యాలా అని నేనే అడిగాను. "తొక్కడం మంచిదే. మొయ్యడమే వద్దు," అన్నారు.

డిసెంబరు 1

వాపు తగ్గుతోంది. కళ సైకిలు ఊసు ఎత్తలేదు. ఈసారి అది మంచిది కాదు.

డిసెంబరు 3

ఎల్లాజీకి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మనం ఇనపోళ్ళం బావా. ఏదన్నా గట్టిగుంటే సాలు, అదే పేమనుకుంటాం," అన్నాడు. తర్వాత టీ తాగుతూ మళ్ళీ అన్నాడు: "ఇస్కానింగు ఎప్పుడు?"

"వచ్చే గురువారం."

"ఐతే ఈ ఆదోరమే కొనీ. ముందే కొనీ బావా."

వీడికి అన్నీ తెలుసు.

డిసెంబరు 7, ఆదివారం

ఒక్కణ్ణే డాబాగార్డెన్స్ వెళ్ళాను. షాపాయన నన్ను చూడగానే స్టీలు వరస వైపు నడిచాడు. "అటు కాదు," అన్నాను.

నీలం సైకిలు అక్కడే ఉంది. అయస్కాంతం తీసి చట్రానికి పెట్టాను. జారి పడింది. ఇంకోచోట పెట్టాను, అక్కడా పడింది. హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇనుము కాదని తేలినందుకు సంతోషించడం ఇదే మొదలు. షాపాయన కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు. పైకడ్డీ కింద కుడిచెయ్యి వేసి ఒంటిచేత్తో ఎత్తాను. నాలుగడుగులు నడిచాను. దింపి, మళ్ళీ ఎత్తాను. ఎడమ బ్రేకు నొక్కాను. అదీ రెండు వేళ్ళకే లొంగింది.

పాతది వెనక్కి తీసుకోనన్నాడు. తీసుకోవద్దన్నాను. అది నాకుండనీ. ఆ బరువు నేను మొయ్యాల్సిందే.

ఇంటికి తెచ్చి కిందే ఆపి కళని పిలిచాను. వచ్చింది. సైకిలు వైపు చూసింది, నా వైపు చూసింది. కుడిచేత్తో ఎత్తుకుని మెట్లెక్కింది. నేను చేతులు చాచి వెనకే ఎక్కాను. నా చేతులతో పనే పడలేదు. పైకి చేరాక గుమ్మం ముందు దింపి, ఊపిరి తీసుకుని, "రిపోర్టు రాలేదుగా ఇంకా?" అంది.

"రాలేదు."

కొత్త సైకిలుకి తనే బొట్టు పెట్టింది. తర్వాత అదే వేలితో నాకూ పెట్టింది.

డిసెంబరు 9

ఎ షిఫ్టు. టీ వేళకి ఫోను. కళ.

"అప్పికొండలో ఉన్నానండీ. ఒక్కదాన్నే వచ్చాను. ఇసుకలో కొంచెం నడిపించాను, అంతే. వినపడుతోందా? ఇదిగో, ఫోను సముద్రం వైపు పెట్టాను. వినపడుతోందా?"

మిల్లు రొదలో నాకు ఏమీ వినపడలేదు.

"వినపడుతోంది," అన్నాను. చాలాసేపు పెట్టి ఉంచమన్నాను.

డిసెంబరు 11

స్కాన్ అయింది. రిపోర్టు సోమవారం ఇస్తారు. కళ బయటికొచ్చి ఆకలేస్తోందంది. ఇడ్లీ తింది. నేను తినలేదు.

డిసెంబరు 13

సైకిళ్ళు రెండూ తుడిచాను. మళ్ళీ తుడిచాను.

డిసెంబరు 15, సోమవారం

సెలవు పెట్టాను. ఆసుపత్రికి పదకొండింటికి రమ్మన్నారు. పొద్దున్నే ఇద్దరం సైకిళ్ళ మీద అప్పికొండ బయల్దేరాం. అది కళ ఆలోచన. ఇంట్లో కూర్చుని గడియారం చూసే బదులు ఇదే నయమంది.

మట్టిదారిలో ఆమె ముందు, నేను వెనక. ఎత్తు వచ్చిన చోటల్లా ఆమె గేరు మార్చుకుని చల్లగా ఎక్కేస్తోంది. నేను దిగి నా స్టీలుని తోసుకుంటూ వెళ్తున్నాను. పైన ఆగి, ఓ కాలు నేలకి ఆనించి నాకోసం చూస్తోంది. ఇన్ని నెలలూ నేను ఆమె కోసం ఆగేవాణ్ణి, ఆసుపత్రి వరండాల్లో. ఆమె నాకోసం ఆగడం బాగుంది. ఎంత బాగుందో ఎవరికీ చెప్పలేను.

ఇసుక మొదలయ్యే చోట దిగాం. ఆమె నా హ్యాండిలు దగ్గర వేలు పెట్టి రాసి చూపించింది. ఎర్రగా ఉంది.

"తుప్పు! అప్పుడేనా? నెల తిరిగిందో లేదో, ఏవండీ మీ స్టీలు!"

"ఉప్పుగాలి మరి. రంగు లేని చోటల్లా పడుతుంది. నీదానికి ఆ బాధ లేదు."

"పట్టదా? ఎన్నాళ్ళైనా?"

"ఎన్నాళ్ళైనా."

కాసేపు అలల వైపు చూసింది. "అయితే చిక్కొచ్చి పడిందే. తుప్పు పట్టేదాకా తొక్కి మానేద్దామనుకున్నాను. తుప్పే పట్టదంటే ఇక తొక్కుతూనే ఉండాలి కదండీ," అంది.

నేను ఇసుకలో కూర్చుండిపోయాను. ఏడ్చాను. ఆపరేషన్ రోజున ఏడవలేదు, జుట్టు రాలినప్పుడు ఏడవలేదు. కళ పక్కన కూర్చుని నా వీపు మీద కుడిచెయ్యి వేసింది. తర్వాత ఎడమచెయ్యి కూడా వేసింది.

సైకిళ్ళు ఇంట్లో పెట్టి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. రిపోర్టులో ఇప్పటికి ఏమీ లేదన్నారు. ఇప్పటికి. మార్చిలో మళ్ళీ చూస్తారట. ఇదివరకటి నేనైతే అన్నీ మార్చికి వాయిదా వేసేవాణ్ణి. "సరే, వస్తాం," అని లేచాను.

తిరిగొస్తూ గాజువాకలో ఆటో ఆపించి కళ ఒక్కతే దిగింది, నన్ను రావద్దంది. నూనె డబ్బాతో వచ్చింది. తుప్పు పట్టకుండా రాసే నూనె.

"నాదానికి అక్కర్లేదుగా. మీదానికే," అంది. "జాగ్రత్తగా చూసుకోండి. నాతోపాటు అదీ రావాలి, చాలా ఏళ్ళు."

డిసెంబరు 16

ఎ షిఫ్టు. సైకిలు కదిలింది.